ఫిట్‌నెస్ తరగతి నాలుగో వారానికి ఎందుకు ఖాళీ అవుతుంది?

మీ ప్రశ్నను ముందు నాకు అర్థమైన మేరకు చెప్పుకుంటాను. మీరు ఈ ఏడాదే కళాశాలలో వ్యాయామ అధ్యాపకులుగా చేరారు. కళాశాల జట్లలో ఆడని మామూలు విద్యార్థుల కోసం వారానికి రెండు రోజులు, 50 నిమిషాల చొప్పున ఫిట్‌నెస్ తరగతి మొదలుపెట్టారు. తొలి రోజు 48 మంది వచ్చారు, నాలుగో వారానికి 17 మంది మిగిలారు. ఆ మిగిలినవారు కూడా ఎలాగూ ఏదో ఒక ఆట ఆడేవారే తప్ప, తరగతి ఎవరి కోసం పెట్టారో వారు కాదు. ఇది విద్యార్థుల ఆరంభశూరత్వమా, లేక నడిపే తీరులోనే లోపమా అని అడిగారు. రకరకాల సత్తా ఉన్నవారికి ఒకే తరగతిలో ఎలా నేర్పాలి, పరీక్షలూ మార్కులూ ఎలా పెట్టాలి, పాటలు పెట్టవచ్చా అనేవి మీ తక్కిన ప్రశ్నలు. 26 ఏళ్లుగా ఇదే పనిలో ఉన్నాను కాబట్టి, మీరు ఇప్పుడు చేస్తున్న తప్పుల్లో చాలావాటిని నేను మీకంటే ఘనంగా చేసినవాడిని.

ఆరంభశూరత్వం ఉన్న మాట నిజమే. అయితే అది విద్యార్థుల్లో కంటే మనలోనే ఎక్కువ. తొలి రోజు మైదానంలో నిండుగా జనం కనిపించగానే, మనకు వచ్చినదంతా ఆ ఒక్క తరగతిలోనే చూపించాలన్న ఆరాటం పుడుతుంది. నా మూడో ఏట కొత్త బ్యాచ్‌తో మొదటి తరగతిలోనే 100 బస్కీలు తీయించాను. అందరూ ఉత్సాహంగానే తీశారు, లెక్క గొంతెత్తి అరిచారు, చివర్లో చప్పట్లు కూడా కొట్టారు. తరగతి అద్భుతంగా జరిగిందనుకుని ఇంటికి వెళ్లాను. రెండు రోజుల తరువాత లైబ్రరీ మెట్ల దగ్గర ఆ బ్యాచ్ అమ్మాయి ఒకతె కనిపించింది. రెండు చేతులతో రెయిలింగ్ పట్టుకుని, పక్కకు తిరిగి, ఒక్కో మెట్టు మీద రెండు పాదాలూ ఆనించి దిగుతోంది. ఎలా ఉందని అడిగితే, "బాగానే ఉంది సార్" అని నవ్వింది. మళ్లీ తరగతి ముఖం చూడలేదు. ఆ వారం రిజిస్టర్‌లో అలాంటి గైర్హాజరీలు ఇంకా చాలా ఉన్నాయి.

ఆ నొప్పి ఎక్కడి నుంచి వస్తుందో మీకు తెలిసే ఉంటుంది, కానీ విద్యార్థులకు మనం తప్పుగా చెబుతుంటాం కాబట్టి ఒకసారి చెప్పుకుందాం. లాక్టిక్ ఆమ్లం కండరాల్లో పేరుకుపోవడం వల్ల మరునాడు నొప్పులు వస్తాయన్నది పాత మాట. కసరత్తు ఆపిన దాదాపు గంటలోనే రక్తంలో లాక్టేట్ మామూలు స్థాయికి వచ్చేస్తుంది, నొప్పి మాత్రం 24 నుంచి 72 గంటల మధ్య ముదురుతుంది. అసలు కారణం, కండరం బరువును మోస్తూనే సాగవలసి రావడం. బస్కీలో పైకి లేచేటప్పటి కంటే కిందికి దిగేటప్పుడు, మెట్లు ఎక్కేటప్పటి కంటే దిగేటప్పుడు తొడ కండరం చేసే పని అలాంటిది. అలవాటు లేని కండరపు పోగుల్లో అప్పుడు సూక్ష్మమైన దెబ్బలు ఏర్పడి, వాపు వచ్చి, ముట్టుకుంటే నొప్పి పుడుతుంది. ఇందులో మనకు పనికొచ్చే విశేషం ఒకటుంది. అదే కదలికను ముందుగా చాలా తక్కువ మోతాదులో ఒక్కసారి చేయించినా, ఆ కండరం తరువాతి కొన్ని వారాల పాటు అలాంటి దెబ్బను చాలావరకు తట్టుకుంటుంది. అంటే తొలి తరగతిలో 12 బస్కీలు తీసినవాడు మూడో తరగతిలో 40 తీసి కూడా మరునాడు మామూలుగా మెట్లు దిగగలడు. తొలి రోజే 100 తీసినవాడికి మూడో తరగతి అంటూ ఉండదు.

ఒళ్లు నొప్పులు ఒక ఎత్తు, ప్రమాదం మరో ఎత్తు. అలవాటు లేని పిల్లలతో పోటీ పెట్టి వందల కొద్దీ బస్కీలో దండీలో తీయిస్తే, కండరం భారీగా చెడిపోయి, అందులోని పదార్థాలు రక్తంలో కలిసి మూత్రపిండాలకు హాని చేసే రాబ్డోమయోలిసిస్ అనే స్థితి ఏర్పడవచ్చు. విపరీతమైన నొప్పి, వాపు, చేయి చాచలేకపోవడం, ముఖ్యంగా మూత్రం ముదురు గోధుమ రంగులో రావడం దాని గుర్తులు. అటువంటి విద్యార్థిని మంచినీళ్లు తాగి పడుకోమని పంపకుండా వెంటనే ఆస్పత్రికి చేర్చాలి. శిక్షగా గుంజీలు తీయించే అలవాటు మన వృత్తిలో ఇంకా పూర్తిగా పోలేదు. దానిని మానడానికి ఈ ఒక్క కారణం చాలు. వ్యాయామాన్ని శిక్షగా వాడిన చోట దానిని ఎవరూ ప్రేమించరన్నది రెండో కారణం.

అందుచేత మొదటి రెండు వారాలు మీకే విసుగు పుట్టేంత తేలికగా ఉండాలి. ప్రతి కసరత్తూ ఒక్క సెట్టు, అంటే మధ్యలో ఆగకుండా తీసే ఒక్క దఫా, "ఇంకో నాలుగు తీయగలను" అనిపించే చోట ఆపడం, అంతే. మూడు సెట్లు, పదేసి సార్లు అన్న లెక్కను మనం వేదవాక్కులా పట్టుకుంటాం కానీ, అది ఎలా వచ్చిందో చూడండి. 1940లలో థామస్ డెలోర్మ్ అనే అమెరికా సైనిక వైద్యుడు గాయపడిన సైనికుల కాళ్లకు బలం తెప్పించడానికి క్రమంగా బరువు పెంచే పద్ధతి పెట్టాడు. మొదట ఏడు నుంచి పది సెట్ల దాకా చేయించి, అంత అక్కరలేదని తేలాక తానే మూడుకు తగ్గించాడు. ఆ మూడింటిలోనూ మొదటిది సగం బరువుతో, రెండోది ముప్పావు బరువుతో, చివరిది మాత్రమే పూర్తి బరువుతో. పద్ధతి కనిపెట్టినవాడే తగ్గించగా లేనిది, కుర్చీలోంచి లేచి వచ్చిన కొత్తవాడికి మనం ఒక్క సెట్టుతో మొదలుపెట్టడంలో నామోషీ ఏముంది?

ఇక శ్రమ ఎంత ఉండాలో ఎలా కొలవాలన్న సంగతి. 220లోంచి వయసు తీసేసి, దానిలో ఇంత శాతం గుండె వేగం ఉండాలని గోడ మీద పట్టిక అతికించే పద్ధతిని నేను మానుకున్నాను. ఆ లెక్కన 19 ఏళ్ల విద్యార్థి గరిష్ఠ గుండె వేగం 201. తనాకా అనే పరిశోధకుడి బృందం 2001లో ఇచ్చిన సూత్రం ప్రకారం, అంటే 208లోంచి వయసులో 0.7 వంతు తీసేస్తే, దాదాపు 195. ఏ సూత్రం వాడినా మనిషికీ మనిషికీ పదీ పన్నెండు స్పందనల తేడా సాధారణం. పైగా ఆయాసపడుతున్న కొత్తవాడు మెడ దగ్గర నాడి వెతుక్కునేలోపే వేగం పడిపోతుంది. దీనికంటే మాట పరీక్ష మేలు. మాట్లాడగలిగి, పాడలేకపోతే మధ్యస్థ శ్రమ. నాలుగు మాటలకు ఒకసారి ఊపిరి కోసం ఆగవలసి వస్తే తీవ్ర శ్రమ. స్వీడన్‌కు చెందిన గున్నార్ బోర్గ్ రూపొందించిన 6 నుంచి 20 వరకు ఉండే కొలమానం కూడా నేర్పితే మంచిది. 13 అంటే "కొంచెం కష్టంగానే ఉంది" అని. మొదటి నెలంతా ఆ అంకె దాటనివ్వకండి. ఆ కొలమానం 6తో ఎందుకు మొదలవుతుందని ఏ విద్యార్థి అయినా అడుగుతాడు. ఆరోగ్యవంతులలో అంకెను పదితో గుణిస్తే గుండె వేగానికి కొంచెం అటూ ఇటూగా సరిపోయేలా దానిని అమర్చారు.

కొలమానాలు ఎన్ని ఉన్నా, చివరి వరుస మీద కన్ను లేకపోతే ప్రయోజనం లేదు. ఒక ఏడాది నా తరగతిలో ఒక కుర్రవాడు మాటిమాటికీ బూటు లేసు కట్టుకునేవాడు. మొదట్లో అది చిరాకు పుట్టించింది, ఒకసారి అందరి ముందూ ముడి గట్టిగా వేసుకోమని కూడా అన్నాను. అతని లేసు ప్రతిసారీ నేను వేగం పెంచిన అర నిమిషానికే ఊడిపోతోందని గమనించడానికి నాకు మూడు వారాలు పట్టింది. అందరి ముందూ ఆగిపోయాడని అనిపించుకోకుండా ఊపిరి తీసుకోవడానికి అతను కనిపెట్టిన ఉపాయం అది. మీ తరగతిలోనూ ఉంటారు. నీళ్ల సీసా దగ్గరకు పదేపదే వెళ్లేవారు, ఫోన్ చూసుకునేవారు, కళ్లద్దాలు తుడుచుకునేవారు. వారిని మందలించవద్దు. ఆగడానికి దొంగదారి అవసరం లేకుండా చేయండి. నేను ఆ తరువాత ప్రతి కసరత్తు మధ్యలోనూ అందరికీ కలిపి "ఇక్కడ నడక" అని 30 సెకన్లు పెట్టాను. లేసులు ఊడడం ఆగిపోయింది.

రకరకాల సత్తా ఉన్నవారికి ఒకేసారి ఎలా నేర్పాలన్న మీ రెండో ప్రశ్నకు జవాబు ఇక్కడే ఉంది. లెక్క అందరికీ ఒకటిగా ఉంటే బలహీనుడు అందరికంటే వెనుక ముగిస్తాడు, బలవంతుడు ముందే ముగించి అతన్ని చూస్తూ నిలబడతాడు. కాలం అందరికీ ఒకటిగా ఉంటే అందరూ ఒకే విజిల్‌కు ఆగుతారు. "20 దండీలు" అనే బదులు "30 సెకన్లు దండీలు, ఎవరికి నచ్చిన మెట్టులో వారు" అనండి. మెట్లు అంటే, మొదట గోడకు చేతులు ఆనించి తీసేది, తరువాత బల్ల అంచున, తరువాత తక్కువ ఎత్తు బెంచీ మీద, ఆ తరువాత నేల మీద. శరీరం ఎంత వాలితే చేతుల మీద అంత బరువు పడుతుంది కాబట్టి మధ్యలో ఎన్ని మెట్లైనా కల్పించవచ్చు. మోకాళ్లు ఆనించి తీసేదానిని "అమ్మాయిల దండీ" అనే మాట మాత్రం మీ నోట రానీయకండి. అది అమ్మాయిలనూ అవమానిస్తుంది, ఆ మెట్టు అవసరమైన అబ్బాయిలను నేల మీద నడుము జారవేసి తప్పుగా తీసేలా కూడా చేస్తుంది. ఇంకొక చిన్న కిటుకు. మీరు చూపించేటప్పుడు అన్నిటికంటే తేలిక మెట్టులో చూపించండి. మాస్టారే గోడ దగ్గర నిలబడి తీస్తుంటే అక్కడికి వెళ్లడానికి ఎవరూ సిగ్గుపడరు.

మీరు వారంలో ఒక రోజు టబాటా చేయిస్తున్నానని రాశారు. 20 సెకన్ల శ్రమ, 10 సెకన్ల విరామం, ఎనిమిది సార్లు, మొత్తం నాలుగు నిమిషాలు అన్నది వినడానికి ముచ్చటగానే ఉంటుంది. ఇజుమి టబాటా బృందం 1996లో ప్రచురించిన అధ్యయనంలో దానిని చేసింది వ్యాయామ విద్య చదువుతున్న చురుకైన యువకులు, ఎక్కువమంది విశ్వవిద్యాలయ జట్ల ఆటగాళ్లు. వారు తొక్కింది ప్రయోగశాలలోని సైకిల్, శ్రమ స్థాయి, శరీరం ఆక్సిజన్‌ను గరిష్ఠంగా వాడుకునే శ్రమకు 170 శాతం, ఏడో ఎనిమిదో దఫాకు కాళ్లు ఇక తిరగనంత అలసట. మీ దగ్గర మిగిలిన 17 మందికి అది నచ్చడంలో వింత లేదు, వారు ఆ కోవకు చెందినవారే. వెళ్లిపోయిన 31 మందికి మాత్రం ఒక నిమిషం చురుకైన నడక, అర నిమిషం మెల్లని పరుగు, ఆరు సార్లు అన్నదే తగిన విరామ శిక్షణ, అంటే ఎక్కువ శ్రమనూ తక్కువ శ్రమనూ మార్చి మార్చి చేయించే పద్ధతి. పేరు అంత గొప్పగా ఉండదు, అంతే.

50 నిమిషాలను నేను ఎలా వాడతానో చెబుతాను, మీ మైదానాన్ని బట్టి మార్చుకోండి. మొదటి ఎనిమిది నిమిషాలు ఒళ్లు వేడెక్కడానికి. ఇందులో కదిలే సాగదీతలే ఉంటాయి. ఒక్కో కండరాన్ని నిమిషానికి మించి కదలకుండా లాగి పట్టుకుంటే ఆ వెంటనే బలం కొంత తగ్గుతుంది కాబట్టి, పట్టి ఉంచే సాగదీతలు చివరికి. తరువాతి 15 నిమిషాలు బలం పెంచే కసరత్తులు, అవీ ఐదే కదలికలు. కూర్చుని లేవడం, నెట్టడం, లాగడం, నడుము దగ్గర వంగి లేవడం, నడుము నిలకడగా పట్టడం. వీటిని సెమిస్టర్ అంతా మార్చను, మెట్లు మాత్రమే మారుస్తాను. ప్రతి తరగతికీ కొత్త కసరత్తు పెడితే పిల్లలకు సరదాగా ఉంటుందని అనుకుంటాం. నిజానికి ప్రతిసారీ కొత్తవాడిలా తడబడడం ఎవరికీ సరదా కాదు, నేర్చుకున్నదానిలో మెరుగవడమే సరదా. ఆ తరువాత 20 నిమిషాలు ఆట. మిగిలిన కాసేపు నెమ్మదించి, సాగదీసి, ఆ రోజు ఏ మెట్టులో ఎంత చేశారో ఎవరి పుస్తకంలో వారు రాసుకుంటారు.

ఆట గురించి కొంచెం విస్తరంగా చెప్పాలి, ఎందుకంటే తరగతి నిలిచేదీ చెదిరేదీ ఇక్కడే. 1891 డిసెంబరులో అమెరికాలోని స్ప్రింగ్‌ఫీల్డ్‌లో జేమ్స్ నైస్మిత్ అనే వ్యాయామ శిక్షకుడికి మీ కష్టమే వచ్చింది. చలికాలం గదిలో చేయించే కసరత్తులంటే విసిగిపోయిన 18 మంది విద్యార్థుల తరగతి అది. అతని కంటే ముందు ఇద్దరు శిక్షకులు చేతులెత్తేశారు. అతనికి ఇచ్చిన గడువు రెండు వారాలు. అతను విద్యార్థులను తిట్టలేదు, ఆటనే మార్చాడు. బంతితో పరుగెత్తకూడదన్నాడు, అప్పుడు మీద పడి పడగొట్టే అవసరం ఉండదు. గోలును తల కంటే ఎత్తులో పెట్టాడు, అప్పుడు బంతిని బలంగా విసరడం కంటే ఒడుపుగా వేయడమే లాభం. 13 నియమాలు రాసి గోడకు అంటించి, రెండు పండ్ల బుట్టలు బాల్కనీకి కొట్టించి, తొమ్మిదేసి మందిని ఆడించాడు. బాస్కెట్‌బాల్ పుట్టింది అలా. నాలుగేళ్లకు, 1895లో, ఆ ఆట కూడా మోటుగా అనిపించిన నడివయసు వారి కోసం పక్క ఊరు హోల్యోక్‌లో విలియం మోర్గాన్ మధ్యలో వల కట్టి, ఒకరికొకరు తగలకుండా ఆడే వాలీబాల్‌ను తయారుచేశాడు. ప్రపంచమంతా ఆడే ఈ రెండు ఆటలూ, వచ్చినవారికి తగ్గట్టు తరగతిని మార్చిన ఇద్దరు శిక్షకుల పనితనం.

మీరు కొత్త ఆట కనిపెట్టనక్కరలేదు, ఉన్నవాటి నియమాలు కదిపితే చాలు. తప్పు చేసినవాడు బయటికి వెళ్లిపోయే ఆటలను ఈ తరగతిలో ఆడించకండి. కదలిక ఎవరికి ఎక్కువ అవసరమో వారే అందరికంటే ముందు బయటికి వెళ్లి, గట్టు మీద కూర్చుని, ఎంతో నేర్పుతో ఆడుతున్నవారిని చూస్తుంటారు. పదకొండేసి మంది ఆటలో ఇద్దరు ముగ్గురే బంతిని ముట్టుకుంటారు, కాబట్టి చిన్న హద్దుల్లో నలుగురేసి చొప్పున ఆరు జట్లు చేయండి. అందరూ ఒకసారి బంతి ముట్టుకున్నాకే గోలు వేయాలని ఒక్క నియమం పెట్టి చూడండి. మొదటి రోజు మంచి ఆటగాళ్లు సణుగుతారు. రెండో రోజు నుంచి వారే పక్కవాడికి బంతి పట్టుకోవడం నేర్పుతారు, లేకపోతే గోలు పడదు కదా.

పరీక్షల విషయంలో నా అభిప్రాయం కొంచెం పట్టుదలగా ఉంటుంది. తొలి వారంలో, ఓపిక పూర్తిగా అయిపోయే దాకా చేయించే ఏ గరిష్ఠ పరీక్షా పెట్టవద్దు. బీప్ టెస్ట్ అని మనం వాడే 20 మీటర్ల షటిల్ పరుగును లూక్ లెజే 1982లో ప్రచురించాడు. బీప్ మోగేలోపు అవతలి గీతను చేరాలి. ఇప్పుడు వాడే రూపంలో వేగం గంటకు 8.5 కిలోమీటర్లతో మొదలై, ప్రతి నిమిషానికీ గంటకు అర కిలోమీటరు చొప్పున పెరుగుతుంది. కొలతగా అది మంచిదే. కానీ దాని నిర్మాణం చూడండి. బలహీనుడు మొదట ఆగిపోతాడు, మిగతా అందరూ పరుగెడుతుండగా అతను పక్కకు వచ్చి నిలబడతాడు, అతని ఓటమికి 47 మంది సాక్షులు. కెన్నెత్ కూపర్ 1968లో ప్రచురించిన 12 నిమిషాల పరుగులో అందరూ ఒకేసారి మొదలై ఒకేసారి ఆగుతారు. గుండ్రటి మైదానంలో ఎవరు ఎవరి కంటే ఎన్ని చుట్లు వెనుక ఉన్నారో చూసేవారికి తెలియదు. గంటకు 5 కిలోమీటర్ల చొప్పున నడిచినా 12 నిమిషాల్లో ఒక కిలోమీటరు వస్తుంది, కాబట్టి సున్నా తెచ్చుకునేవారు ఉండరు. రెండు పరీక్షలూ కొలిచే గుణం దాదాపు ఒకటే అయినప్పుడు, తల వంచుకోనవసరం లేనిదాన్ని ఎంచుకోవడం మేలు.

మార్కులకు కేవలం మెరుగుదలను ఆధారం చేయమని చాలామంది చెబుతారు. నేనూ చేశాను. రెండో ఏడాదికే సీనియర్లు జూనియర్లకు రహస్యం చెప్పేశారు. మొదటి పరీక్షలో కావాలని కాళ్లీడ్చుకుంటూ నడవండి, చివరి పరీక్షలో మామూలుగా పరుగెత్తండి, మార్కులు వాటంతటవే వస్తాయి! ఆ తరువాత మార్చుకున్నాను. పరుగుకు ముందు ప్రతి విద్యార్థీ తాను 12 నిమిషాల్లో ఎన్ని మీటర్లు వెళ్తాడో చీటీ మీద రాసి ఇస్తాడు. అంచనాకు ఎంత దగ్గరగా వస్తే అన్ని మార్కులు. తన శక్తి ఎంతో తనకు తెలిసి, మొదటి నిమిషంలోనే ఊపిరి ఖర్చు చేసుకోకుండా సమంగా పంచుకోవడం ఈ వయసులో నేర్చుకోవలసిన విద్య. అందులో జట్టు ఆటగాడికీ, లేసు కట్టుకునే కుర్రవాడికీ సమాన అవకాశం ఉంటుంది. మిగతా మార్కులు హాజరుకూ, తన వారానికి తానే వ్యాయామ ప్రణాళిక రాసి అమలు చేసి చూపడానికీ ఇస్తాను.

విద్యార్థులు మానేయడానికి ఇంకొక కారణం అద్దం. నాలుగు వారాలు చేసినా ఏమీ మారలేదంటారు. మారింది, కానీ అద్దంలో కనిపించే చోట కాదు. తొలి వారాల్లో బలం పెరగడానికి ప్రధాన కారణం కండరం లావెక్కడం కాదని, నాడీ వ్యవస్థ ఉన్న కండరాన్నే ఎక్కువగా, సమన్వయంతో వాడుకోవడం నేర్చుకోవడమని 1979లో మోరితాని, డివ్రీస్ అనే పరిశోధకులు చూపించారు. అందువల్ల మొదటి రోజునే వారికి చెప్పండి, నెల తరువాత చూసుకోవలసింది అద్దం కాదు, పుస్తకంలోని మెట్టు అని. గోడ దగ్గర మొదలైన అమ్మాయి ఐదో వారానికి బెంచీ మీద తీస్తుంటే పుస్తకంలోని ఆ రెండు రాతల మధ్య తేడాను ఎవరూ కాదనలేరు. నిద్ర లేవగానే నాడి లెక్కించి వారానికి ఒకసారి రాసుకోమనండి. నెలలు గడిచేకొద్దీ అది నాలుగైదు స్పందనలు తగ్గితే వారికే ముచ్చటేస్తుంది. బరువు తూచే యంత్రాన్ని మాత్రం తరగతిలోకి తేవద్దు. అందరి ముందూ బరువు చదివి రిజిస్టర్‌లో రాసిన రోజు కొందరికి అదే చివరి తరగతి అవుతుంది.

దుస్తులు ఏవైనా, కదలడానికి వీలుగా ఉండి కాళ్లకు బూట్లు ఉంటే చాలని ముందే చెప్పండి. నెలసరి రోజుల్లో వ్యాయామం హాని చేయదు, అయినా ఆ రోజు ఎంత చేయాలన్నది ఆ విద్యార్థినికే వదిలేయండి. కారణం అడగవద్దు, మార్కులు తగ్గించవద్దు.

మొదటి తరగతికి ముందు ఏడు ప్రశ్నల ఆరోగ్య పత్రం, అంతర్జాతీయంగా వాడే పార్‌క్యూ లాంటిది, అందరితో నింపించండి. శ్రమలో ఛాతీ నొప్పి వచ్చిందా, ఎప్పుడైనా స్పృహ తప్పారా అన్నవి అందులోని ముఖ్యమైన ప్రశ్నలు. దానితో పాటు కుటుంబంలో ఎవరైనా చిన్న వయసులో హఠాత్తుగా మరణించారా అని కూడా అడగండి. వీటిలో దేనికి "అవును" అని వచ్చినా వైద్యుడు చూసే దాకా ఆ విద్యార్థితో స్కోరు రాయించండి, పరుగు వద్దు. ఉబ్బసం ఉన్నవారి ఇన్హేలర్ సంచిలో కాదు, మైదానం అంచున ఉండాలి. ఎండ కాలంలో శరీరం వేడికి అలవాటు పడడానికి ఒకటి రెండు వారాలు పడుతుంది కాబట్టి, సెలవుల నుంచి వచ్చిన వెంటనే పాత మోతాదు వద్దు.

ప్రపంచ ఆరోగ్య సంస్థ 2020 మార్గదర్శకాల ప్రకారం 18 ఏళ్లు దాటినవారికి వారానికి 150 నుంచి 300 నిమిషాల మధ్యస్థ శ్రమ గానీ, అందులో సగం సమయం తీవ్ర శ్రమ గానీ, దానితో పాటు కనీసం రెండు రోజులు బలం పెంచే కసరత్తులు కావాలి. మీ రెండు తరగతులు కలిపి 100 నిమిషాలు. అందులో నిలబడి వినేదీ వరుస కట్టేదీ తీసేస్తే 70 మిగులుతాయేమో. అంటే లోటు పూడవలసింది తరగతి బయటే. అదృష్టవశాత్తూ, ఏకధాటిగా పది నిమిషాలైనా చేయాలన్న పాత షరతును అదే పత్రం తీసేసింది కాబట్టి, హాస్టల్ నుంచి క్లాసుకు నడిచే ఐదు నిమిషాలు కూడా లెక్కలోకి వస్తాయి.

పరీక్షల నెలలో తరగతి ఆపేయకండి, చిన్నది చేయండి. సాధించుకున్న దమ్మును నిలుపుకోవడానికి వారంలో రోజులూ నిమిషాలూ తగ్గించినా ఫరవాలేదని, తీవ్రత తగ్గిస్తే మాత్రం పోతుందని 1980లలో రాబర్ట్ హిక్సన్ బృందం చేసిన ప్రయోగాలు చూపాయి. నేను ఆ నెలలో 20 నిమిషాల తరగతి పెడతాను, ఐదు కదలికలూ అదే మెట్టులో, ఆట లేకుండా. చదువు మధ్యలో వచ్చి చెమట పట్టించుకుని వెళ్లిపోతారు.

వెళ్లిపోయిన 31 మంది సంగతి. వారికి హాజరు హెచ్చరిక పంపితే రానివారు రారు, వచ్చినవారు సంతకం పెట్టి వెళ్లిపోతారు. "వచ్చే సోమవారం నుంచి మొదటి వారం మళ్లీ మొదలవుతుంది, ఈసారి తేలికగా" అని ఒక్క వాక్యం పంపండి. కొందరు వస్తారు. అప్పుడు పాత 17 మందికీ అదే తేలిక పాఠం మళ్లీ చెప్పడం కష్టమవుతుంది కాబట్టి, వారిలో ఆరుగురిని ఎంచి ఒక్కో చిన్న జట్టు బాధ్యత అప్పగించండి.

చివరిగా పాటలు. తప్పకుండా పెట్టండి. నిమిషానికి 120 నుంచి 140 దరువులు ఉన్నవి వేగపు నడకకూ మెల్లని పరుగుకూ అతుకుతాయి. పాటల జాబితా విద్యార్థులనే వంతులవారీగా తయారుచేయమనండి, అది కూడా హాజరును పెంచుతుంది. శబ్దం విషయంలో మాత్రం జాగ్రత్త. అమెరికా వృత్తి ఆరోగ్య సంస్థ నియోష్ లెక్కన 85 డెసిబెల్స్ శబ్దాన్ని రోజుకు ఎనిమిది గంటలు భరించవచ్చు, ప్రతి 3 డెసిబెల్స్‌కూ ఆ సమయం సగమవుతుంది, 94 దగ్గర గంటే మిగులుతుంది. విద్యార్థులు రోజుకు ఒక్క తరగతే వింటారు, మీరు నాలుగు వింటారు. పైగా స్పీకర్ శబ్దాన్ని మించి వినబడేలా లెక్కలు అరిచి అరిచి రెండో సెమిస్టర్‌కల్లా గొంతు పోగొట్టుకున్నవారు నాకు తెలుసు. స్పీకర్‌ను మీకు దూరంగా, చివరి వరుస వెనుక పెట్టి, మీరు దాని పక్కకు వెళ్లి నిలబడనవసరం లేకుండా విజిల్‌తో నడపండి.